ప్రార్థనలో పెట్టిన వార్తలు

మొన్న పొద్దున పేపరు తెరిస్తే మొదటి పేజీలో దూరదేశంలో బాంబులు పడిన ఊరి ఫోటో ఉంది. సగం కూలిన మేడ, దాని మెట్ల మీద కూర్చున్న ఒక ముసలాయన. వార్త చదివాక గోడ గడియారం వంక చూస్తూ వేళ్ళ మీద లెక్క వేసుకుంటున్నాను. మా ఆవిడ కాఫీ గ్లాసు పక్కన పెట్టి "ఎవరికన్నా ఫోన్ చెయ్యాలా?" అని అడిగింది. లేదన్నాను. ఆ ఊళ్ళో ఇప్పుడు పగలో రాత్రో చూసుకుంటున్నానని చెబితే నవ్వుతుందని ఊరుకున్నాను.

ఆ అలవాటు నాకు వార్డెనమ్మ నుంచి వచ్చింది. పోయిన వానల్లో ఆమె పోయింది. కబురు అందేసరికి నేను ఊళ్ళో లేను. మట్టి చేసేటప్పటికి చేరుకోలేకపోయాను.

ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరైంది కాబట్టి అందరికీ ఆమె వార్డెనమ్మ. విడవలూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఒక ఊళ్ళో, చర్చి వీధిలో ఉండేది. ఆమె చిన్నతనం గురించి, చదువు గురించి నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. నాకు తెలిసిందల్లా ఆమె పేపరు చదివే తీరు. పత్రికల్లో ఇన్నేళ్ళు పనిచేశాను, పేపరు తయారుచేసేవాళ్ళను చాలామందిని చూశాను. చదివేవాళ్ళలో అలాంటి మనిషిని ఇంకొకర్ని చూడలేదు.

పొద్దున్నే ఆమె ఇంటి వరండాలో ఆడవాళ్ళ ప్రార్థన కూడిక జరిగేది. నాట్లకు, కలుపులకు, రొయ్యల గుంటల దగ్గర పనికి పోయేవాళ్ళు అన్నం క్యారియర్లు పక్కన పెట్టుకుని కూర్చునేవాళ్ళు. ప్రార్థనకు ముందు అంశాలు చెప్పుకోవడం మా వైపు చర్చిల్లో మామూలే. ఒకరికి జ్వరం, ఒకరి పిల్లవాడికి పరీక్ష, ఒకరి గేదె ఈనాలి. అవన్నీ అయ్యాక ఈమె దగ్గర పేపరు వంతు వచ్చేది.

కళ్ళజోడు సర్దుకుని, పేపరు మోకాళ్ళ మీద పరచి, హెడ్డింగు పైకి చదివేది. కింది భాగం పెదవులు కదుపుతూ లోలోపల చదువుకునేది. తర్వాత తీర్పు చెప్పేది. ఆమె దగ్గర ఉన్నవి రెండే తీర్పులు. "ఇందులో మనకు పనుండాది." "ఇందులో మనకు పన్లేదు."

మంత్రి శంకుస్థాపన చేస్తే పన్లేదు. అదే మంత్రి ఆసుపత్రిలో పడితే పనుంది. షేర్లు పడిపోయాయంటే, "పడినా లేస్తాయని కింద వాళ్ళే రాసినారు, పన్లేదు" అనేది. క్రికెట్టు గెలవాలని ఎవరైనా అడిగితే, "అవతలోళ్ళకు గూడా అమ్మలుండారు మే" అని పేజీ తిప్పేసేది. శ్రీహరికోటలో రాకెట్టు ఎగరేసే రోజు మాత్రం తప్పకుండా అంశం ఉండేది. "అంత కష్టపడినారు, పైకి పోనీ" అనేది.

యుద్ధం వార్త వస్తే రెండు దేశాల పేర్లూ చెప్పేది. ఒకసారి నేను అక్కడ ఉండగానే ఒకామె తగులుకుంది.

"బాంబులేసినోళ్ళకు కూడా ప్రార్థనేంది వార్డెనమ్మా? వాళ్ళు దుర్మార్గులు గదా."

"వాడు చస్తే ఆగుతుందా యుద్ధం?"

"యాడ ఆగుతుంది. ఇంకొకడొస్తాడు."

"మరి వాడు మారితే?"

ఆమె "మారితే ఆగతాదేమోలే" అంది.

"ఆ మారేదానికే ప్రార్థన. కళ్ళు మూసుకో."

కళ్ళు మూసుకునేముందు ఎవరినో ఒకరిని అడిగేది, ఆ దేశంలో ఇప్పుడు పగలా రాత్రా అని. వరండాలో ఎవరికీ తెలియకపోతే నాకు ఫోన్ చేసేది. ఎందుకక్కా అని అడిగాను. "నిద్రపోతుంటే, తెల్లారేదాకా ఏమీ కాకుండా చూడమని అడగాల. మేలుకొనుంటే తిండీ నీళ్ళూ దొరకాలని అడగాల. రెండూ ఒకటి కాదు గదబ్బయా" అంది. విదేశీ వార్తలు ఎన్ని దిద్దానో లెక్కలేదు. ఆ వార్తల్లోని మనుషులు నిద్రపోతారన్న సంగతి నాకు ఆ రోజే తట్టింది.

అన్నీ ఇంత సాఫీగా జరిగేవి కావు. వాయుగుండం వార్త వచ్చిందంటే వరండాలో తగాదా మొదలయ్యేది. నాట్లవాళ్ళకు వాన కావాలి, ఎండుచేపలు ఆరబెట్టుకునేవాళ్ళకు ఎండ కావాలి. ఇద్దరూ ఆమెనే చూసేవాళ్ళు. ఆమె ఒకసారి విసుగెత్తి, "ప్రభువా, వీళ్ళ సంగతి నువ్వే చూసుకో, నావల్ల కాదు" అని ఆమెన్ చెప్పేసిందట. ఆ మాట చెప్పుకుని ఊరంతా చాలాకాలం నవ్వుకుంది.

ఇంట్లో టీవీ ఉండేది గాని వార్తలు పెట్టేది కాదు. "అది ఊపిరి తిప్పుకోనియ్యదు. పేపరైతే నేనాగితే ఆగుతుంది" అనేది. ఫోన్లలో తిరిగే వార్తలు ఎవరైనా తెచ్చి చూపిస్తే, "ఎవరు రాసినారు? ఎవరు రాసినారో తెలిస్తే రేపు వాళ్ళను అడగచ్చు. దీన్ని ఎవర్ని పోయి అడిగేది?" అని పక్కన పెట్టేది.

రాసినవాళ్ళను అడగడం అన్నది ఆమె ఊరికే అన్న మాట కాదు. మా పరిచయం అలాగే మొదలైంది. నేను నెల్లూరు ఎడిషన్లో పనిచేస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం తెల్ల చీర కట్టుకున్న ఒకావిడ మడిచిన పేపరుతో మా ఆఫీసుకు వచ్చింది. బిట్రగుంట స్టేషన్లో ఒక చిన్నపిల్ల ఏడుస్తూ కనిపించిందని, మాట అర్థం కావడం లేదని, పోలీసులు బాలల సదనానికి పంపారని నేను రాసిన చిన్న వార్త అందులో ఉంది. పేపరు నా బల్ల మీద పెట్టి నిలబడే అడిగింది.

"ఆ బిడ్డ ఏమైంది?"

"తెలియదమ్మా."

"రాసింది నువ్వే గదా?"

"నేనే."

"మరి?"

"వార్త అయిపోయిందమ్మా."

"వార్త అయిపోయింది సరే. ఆ బిడ్డ ఇంటికి పొయ్యిందా లేదా?"

కుర్చీ చూపించాను. కూర్చుని తన ఇబ్బంది చెప్పింది. పేపర్లో చూసి ఒకర్ని ప్రార్థనలో ఎత్తుకున్నాక, వాళ్ళ సంగతి తేలేదాకా దించడానికి లేదు. పేపరేమో ఎత్తిస్తుందే తప్ప దించడం లేదు. గనిలో చిక్కుకున్నవాళ్ళు బయటపడ్డారా, ఆపరేషన్‌కు పోయిన నాయకుడు ఇంటికొచ్చాడా, ఇల్లు కొట్టుకుపోయిన ముసలమ్మకు ఎవరైనా ఇంత కొట్టం వేసి ఇచ్చారా, ఏదీ మళ్ళీ రాయరు. దించకుండా ఎత్తుకుంటూ పోతే ప్రార్థన పొడుగైపోతోంది. పనికి పోయే ఆడవాళ్ళు గొణుగుతున్నారు.

"ఆ పిల్ల సంగతి చెప్పినావంటే ఒకటి దించుకుంటా" అంది, నెత్తిన గంప ఉన్న మనిషి సాయం అడిగినట్టు.

రెండు మూడు ఫోన్లు చేశాను. ఆ పిల్ల ఒడిశా కూలీల బిడ్డ. అప్పటికే తల్లి వచ్చి తీసుకుపోయింది. చెప్పగానే వార్డెనమ్మ ముఖం తేలికపడింది. "స్తోత్రం. ఇంకోటుండాది అబ్బయా, అది మీ పేపరు కాదు గానీ..." అని మొదలుపెట్టింది.

అప్పటినుంచి నెలలో ఒకసారన్నా ఫోన్ వచ్చేది. మా డెస్కులో కుర్రవాళ్ళు "సార్, పై ఎడిటరమ్మ లైన్లో ఉంది" అని ఆటపట్టించేవాళ్ళు. ఆమె అడిగినవన్నీ చెప్పలేకపోయేవాణ్ణి. కొన్ని తెలిసేవి, కొన్ని ఎవరికీ తెలియవు. కానీ ఆ ఫోన్ల వల్ల నాకొక మంచి జరిగింది. పాత వార్తల వెనక పోవడం మొదలుపెట్టాను. తర్వాత ఏమైందని రాసిన వార్తలకే నాకు నాలుగు మంచి మాటలు దక్కాయి. ఆ మాటల్లో ఆమె వాటా ఎక్కువ.

దించడం ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. వాళ్ళ సంఘంలో చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యరు. మనిషి పోయాక అతను దేవుడి చేతిలో ఉన్నట్టే, ఇక అడగాల్సింది అతని ఇంటివాళ్ళ కోసం. అందుకని మనిషి ఉన్నాడో లేడో ఆమెకు తెలియాలి. ఒకసారి ఏదో దేశపు అధ్యక్షుడికి జబ్బుగా ఉందని చదివి ఎత్తుకుంది. ఆయన దీపావళినాడు పోయాడు. మర్నాడు పేపరు లేదు. తర్వాతి రోజుకు ఆ వార్త లోపలి పేజీకి జారిపోయింది, ఆమె కంట పడలేదు. ఆయన ఆరోగ్యం కోసం చాలా రోజులు మోకరించింది. తెలిశాక నాకు ఫోన్ చేసి, "అంత పెద్దాయన పోతే అంత చిన్నగా ఏస్తారా?" అని తగులుకుంది. ఆ పేజీ వేసింది నేను కాదని చెప్పినా వినలేదు.

ఇక పడవ సంగతి.

కొన్నేళ్ళ కిందట కార్తీక మాసంలో, ఆమె ఊరికి దగ్గర్లో ఉన్న పట్టపు పాలెం నుంచి ముగ్గురు జాలర్లు వేటకు పోయారు. గాలి తిరిగి పడవ బోల్తా పడింది. ఇద్దరు ప్లాస్టిక్ డ్రమ్ములు పట్టుకుని తేలుతుంటే ఇంకో పడవవాళ్ళు ఎక్కించుకొచ్చారు. మూడో మనిషి దొరకలేదు. 'ఒకరు గల్లంతు' అని మా పేపర్లో వచ్చింది.

ఆ మనిషి భార్య చర్చి వీధిలో చేపలమ్మేది. మర్నాడు పొద్దున్నే వరండా దగ్గరకు వచ్చి నిలబడింది. "గంగమ్మకు మొక్కుకున్నా వార్డెనమ్మా. మీ దేవుడికి కూడా ఒక మాట చెప్పు" అంది. వార్డెనమ్మ ఆయన పేరు అడిగి ఎత్తుకుంది. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి రోజూ వచ్చి వరండా చివర కూర్చునేది. ప్రార్థనలో కలిసేది కాదు. మొగుడి పేరు వినపడేదాకా ఉండి, వినపడగానే లేచి పోయేది.

వారాలు గడిచాయి. పాలెంలో పెద్దలు కర్మ చేసేద్దామన్నారు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. కర్మ చేస్తే గాజులు తీయాలి, బొట్టు తుడవాలి. "వార్డెనమ్మ ఇంకా ఆయన పేరు చెప్తానే ఉండాది" అన్నది ఆమె సమాధానం. పెద్దలు చర్చి అయ్యగారి దగ్గరకు పోయారు. అయ్యగారు వార్డెనమ్మ దగ్గరకు వచ్చాడు. ఆ సంభాషణ ఆమె నాకు చెప్పింది.

"పోయినాడని అందరూ అంటుండారమ్మా. పోయినవాళ్ళ కోసం మనం ప్రార్థన చెయ్యం గదా."

"పోయినాడని ఎవరు చూసినారు అయ్యగారూ?"

"ఎవరూ చూళ్ళేదు."

"ఉండాడని?"

"అదీ లేదు."

"మరి దేన్ని నమ్ముకొని దించమంటారు నన్ను?"

అయ్యగారికి అలా చెప్పి పంపింది గాని ఆమె మనసు కుదుటపడలేదు. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసింది. ఆమె గొంతులో భయం వినడం నాకు అదే మొదలు.

"అబ్బయా, నేను మొండితనం చేస్తుండానేమో."

"ఎందుకక్కా అట్టనుకుంటావు?"

"ఆ పిల్ల నా నోరు చూసుకొని బతుకుతుండాది. పొద్దున్నే నేను ఆయన పేరు పలికితే ఆ పూటకు నాలుగు మెతుకులు తింటుంది. ఆయన లేకపోతే నేను చెప్తుండేది అబద్ధం. ఆ అబద్ధం మీద ఆ పిల్లను ఎన్నాళ్ళు నిలబెట్టేది? ఉండి, నేను దించేస్తే, బతికున్న మనిషిని చంపినట్టు. నువ్వు తేల్చు."

"సముద్రం సంగతి నేనెట్ట తేల్చేది?"

"ఇంకోసారి రాయి. ఒకసారి రాస్తే పోయినాడని తెలుస్తుంది. రెండోసారి రాస్తే వెతికేవాళ్ళుండారని తెలుస్తుంది."

పాలెం పోయి ఆ అమ్మాయితో మాట్లాడాను. ఆ రోజు ఆయన కట్టుకున్న లుంగీ రంగు, మోచేతి కింద రెండు చేపల పచ్చబొట్టు, అన్నీ అడిగి రాశాను. డెస్కులో "ఇందులో కొత్తగా ఏం జరిగింది సార్?" అన్నారు. ఏమీ జరగలేదు, అదే వార్త అన్నాను. ఒక ప్రకటన ఆగిపోయి ఖాళీ అయిన చోట, పేజీ అడుగున, ఎవరో దయతలచి వేశారు.

కొద్ది రోజులకు ఆఫీసుకు ఫోన్ వచ్చింది. ఎండుచేపల వ్యాపారం చేసే సాయిబు ఒకాయన, సూళ్ళూరుపేటలో టీ తాగుతూ ఆ వార్త చదివాడట. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య ఇసుకదిబ్బ మీద ఒక పాలెం ఉందని, ఆ వానల్లోనే అక్కడ ఒక శవం ఒడ్డుకు కొట్టుకొచ్చిందని, చేతి మీద చేపల బొమ్మ గురించి అక్కడివాళ్ళు చెప్పుకోగా విన్నానని అన్నాడు.

ఈ కబురు పేపర్లో చదివి తెలుసుకోవాల్సింది కాదనిపించింది. నేనే పోయి వార్డెనమ్మకు చెప్పాను. ఆమె లేచి చెప్పులు వేసుకుంది. ఇద్దరం పాలెం పోయాం. ఆ అమ్మాయి పక్కన కూర్చుని వార్డెనమ్మే చెప్పింది, "ఆయన అవునో కాదో మనమే పోయి చూసొద్దాం మే" అని.

ఆ అమ్మాయి, ఆమె మరిది, వార్డెనమ్మ, నేను వెళ్ళాం. అక్కడి పోలీసుల దగ్గర ఫోటోలు ఉన్నాయి. ముఖం ఉన్న ఫోటో ఆ అమ్మాయి చూడలేదు. చెయ్యి ఉన్నది మాత్రం చూసి, "ఆయనే" అంది. ఏడవలేదు. పడవలో సరస్సు దాటి ఆ పాలేనికి పోయేదాకా నీళ్ళ వంకే చూస్తూ కూర్చుంది.

పాలెంలో ఒక పెద్దామె మమ్మల్ని సరుగుడు చెట్ల వెనక ఉన్న మట్టి దిబ్బ దగ్గరకు తీసుకుపోయింది. దిబ్బ చుట్టూ ఆలిచిప్పలు గుచ్చి ఉన్నాయి. "పోలీసోళ్ళు చూసుకొని, మీరే పూడ్చండన్నారు. ఎవరి బిడ్డో ఏమో. సముద్రం మీద పోయినోడు మనోడే గదా అని మా మగోళ్ళు స్నానం చేయించినారు. మూడోనాడు నేనే పాలు పోసినా. పేరు తెలియదు గదా, నాయనా అని పిల్చి పోసినా" అంది.

వార్డెనమ్మ ఆ మాటలు వింటూ ఇసుకలో కూర్చుండిపోయింది. అక్కడ వరండాలో ఆమె పొద్దున్నే ఆయన పేరు పలుకుతూ ఉన్నన్నాళ్ళూ, ఇక్కడ వీళ్ళు పేరు తెలియని ఆయనకు చెయ్యాల్సినవన్నీ చేశారు.

ఆ అమ్మాయి దిబ్బ చుట్టూ ఒకసారి తిరిగి, పెద్దామెను ఒకటే అడిగింది.

"తల ఎటు పెట్టినారక్కా?"

"ఊరి పక్కకే పెట్టినాం చెల్లీ. సముద్రం పక్కకు పెట్టలా."

అప్పుడు ఏడ్చింది. పెద్దామె ఆమెను ఒళ్ళోకి తీసుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను నెమ్మదిగా అన్నాను, "లేని మనిషి కోసం ఇన్నాళ్ళూ ప్రార్థన చేసినానని బాధపడుతున్నావా అక్కా?"

"నాకు తెలియదని ప్రభువుకు తెలుసులే" అంది కిటికీలోంచి చూస్తూ. మళ్ళీ తనే, "ఆ పాలేన్ని ఎత్తుకుంటా. దీన్ని మాత్రం దించేది లేదు" అంది. తర్వాత చాలాకాలం, పేపర్లో ఎన్నడూ రాని ఆ ఊరికి ఆమె వరండాలో రోజూ స్తోత్రం చెల్లింది.

పట్టపు పాలెంలో పెద్దకర్మ నాడు నేను వెళ్ళాను. ఆ అమ్మాయి గాజులు, బొట్టు తీసేశారు. సాయంత్రం బస్సు తప్పిపోతే వార్డెనమ్మ ఇంట్లోనే ఉండిపోయాను.

తెల్లారి ఆడవాళ్ళు మామూలుగానే వచ్చి కూర్చున్నారు. పేపరు వచ్చింది. వార్డెనమ్మ దాన్ని మడత విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని వీధి వంక చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఒకామె అంది, "ఆటో వచ్చేస్తుంది వార్డెనమ్మా. నాట్లకు పోవాల."

"ఇంకొకరు రావాల."

ఎవరి గురించో అందరికీ తెలిసింది. "ఆ పిల్ల ఇంక రాదులే" అంది ఇంకొకామె. "పొద్దున్నే ఎవరికీ ఎదురు రాకూడదని వాళ్ళత్త చెప్పిందంట."

"ఎదురొస్తే వచ్చేది మనకే గదా. మీలో ఎవరికన్నా అడ్డమా?"

ఆటో వచ్చి హారన్ కొట్టింది. ఒకామె లేచి వీధిలోకి పోయి, ఉండమని ఆటోవాడికి చెప్పి వచ్చింది. బాంబులవాళ్ళ గురించి తగులుకున్నామె క్యారియరు పక్కకు జరిపి లేచి, "నేను పిల్చుకొస్తా" అని పాలెం దారి పట్టింది.

చాలాసేపటికి ఇద్దరూ వచ్చారు. ఆ అమ్మాయి ముఖం మీదికి కొంగు లాక్కుని, ఎవరి కంటా పడకుండా ఓ పక్కకు తిరిగి, గేటు బయటే నిలబడిపోయింది.

వార్డెనమ్మ కళ్ళజోడు పెట్టుకుని, అప్పుడు పేపరు మడత విప్పింది.

"రా మే. ఇంకా మొదటి పేజీ గూడా చదవలా."

ఆడవాళ్ళు అటూ ఇటూ జరిగి మధ్యలో చోటు చేశారు.